విదేశీ నాణేలకు అడ్డంకి లేదనడం తప్పు

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ జిల్లా పేజీలో పాత నాణేల సేకరణ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయానికి ఒక తెలుగు పత్రిక అర పేజీ ఇవ్వడమే అరుదు, అందుకు ముందుగా కృతజ్ఞతలు. కానీ అందులో ఒక మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఏ దేశం నాణెమైనా ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అడ్డంకి ఏమీ లేదు అని రాశారు. అది తప్పు. ఇంకో జిల్లాలో ఎవరైనా చదివి వదిలేస్తారేమో కానీ మన గోదావరి డెల్టాలో అలా కాదు. రాజోలు, మలికిపురం, నరసాపురం, పాలకొల్లు వైపు కువైట్‌కో దుబాయ్‌కో మస్కట్‌కో మనిషి వెళ్ళని వీధి ఉండదు, అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకీ లెక్క లేదు, వాళ్ళు సెలవులకి వస్తూ జేబులో చిల్లర తెస్తారు, ఆ చిల్లరే ఇక్కడ చిన్నపిల్లల ఆల్బమ్‌లకి మొదలు. నేను కూడా అలాగే మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పటికీ సేకరిస్తున్నవాణ్ణి. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను, కుదించి వేసుకున్నా సరే, అసలు విషయం మాత్రం పోనివ్వకండి.

ముందు భయం లేని సంగతి చెప్తాను, ఎందుకంటే మా వాట్సాప్ గ్రూపుల్లో రెండోవైపు పుకార్లు కూడా నడుస్తున్నాయి, విదేశీ నాణెం ఇంట్లో ఉంటే చాలు కేసు పెడతారని. అది కూడా నిజం కాదు. విదేశీ మారకద్రవ్యం చట్టం, అదే ఫెమా కింద రిజర్వు బ్యాంకు 2015లో ఇచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ నాణేలు ఎవరైనా ఎన్నైనా దగ్గర పెట్టుకోవచ్చు, పరిమితి లేదు. పరిమితి నోట్లకి ఉంది, మన దేశంలో నివసించేవాళ్ళు విదేశీ నోట్లు 2,000 డాలర్ల విలువ వరకే ఉంచుకోవాలి. కాబట్టి మీ నాన్నగారు బహ్రెయిన్ నుంచి తెచ్చిన ఫిల్స్ డబ్బా నిండా ఉన్నా ఎవరికీ ఏ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. చిక్కు అంతా ఉంచుకోవడంలో కాదు, దేశం దాటించడంలో ఉంది, అంటే తెప్పించుకోవడం, పంపించడం, మోసుకురావడం. మీ వ్యాసం ఈ రెండింటినీ కలిపేసింది.

ఇప్పుడు అన్నిటికంటే మనకి దగ్గరగా ఉన్న నిషేధం పాకిస్థాన్‌ది. పహల్గాం దాడి తర్వాత 2025 మే 2న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నోటిఫికేషన్ ఇచ్చింది. పాకిస్థాన్‌లో తయారైనవి గానీ అక్కడినుంచి ఎగుమతైనవి గానీ ఏ వస్తువూ నేరుగా గానీ వేరే దారిలో గానీ మన దేశంలోకి రాకూడదు, మన మీదుగా వెళ్ళకూడదు. ఆ మర్నాడే పాకిస్థాన్ నుంచి వచ్చే ఉత్తరాలు, పార్సిళ్ళు కూడా ఆపేశారు. మినహాయింపు కావాలంటే కేంద్ర ప్రభుత్వం ముందస్తు అనుమతి ఉండాలి. దేశ భద్రత కోసం పెట్టిన నిషేధం అది, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, ఇరవై ఆరుమంది ప్రాణాలు పోయినచోట నాణేల సరదా ముందుకు తెచ్చే మనిషిని కాను. నేను అంటున్నది ఒకటే. "ఏ వస్తువూ" అంటే అందులో నాణెం కూడా ఉంటుంది. లండన్‌లో ఉన్న డీలర్ దగ్గర కొన్నాను, ఇంగ్లండ్ నుంచి వచ్చింది, పాకిస్థాన్‌తో నాకేం సంబంధం అంటే కుదరదు, ఎందుకంటే తయారైన చోటు లెక్క, అడ్డదారి కూడా లెక్క. ఆ ఏడాది జూన్‌లోనే దుబాయ్ మీదుగా వచ్చిన పాకిస్థాన్ ఎండు ఖర్జూరాలు, ఇతర సరుకు 39 కంటెయినర్లు రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ వాళ్ళు పట్టుకున్నారు, కాగితాల్లో అది ఎమిరేట్స్ సరుకు అని రాసి ఉంది. ఖర్జూరాలకి వర్తించింది పైసలకి వర్తించదని చెప్పడానికి మనదగ్గర ఏ కాగితమూ లేదు.

మా గ్రూపులో ఒక కుర్రాడి సంగతి చెప్తాను. డిగ్రీ చదువుతున్నాడు, ట్యూషన్లు చెప్పుకుని ఆ డబ్బుతో నాణేలు కొంటాడు. విదేశాల్లో డీలర్లు కిలో లెక్కన కలగాపులగం నాణేలు అమ్ముతారు, మేము లాట్ అంటాం, ఏ దేశానివి వస్తాయో ముందు తెలియదు, ఆ తెలియకపోవడంలోనే సగం ఆనందం. అలాంటి లాట్ ఒకటి తెప్పించాడు. పార్సిల్ విదేశీ తపాలా విభాగం దగ్గర ఆగింది, తెరిచి చూస్తే ఓ గుప్పెడు పాకిస్థాన్ నాణేలు బయటపడ్డాయి. మొత్తం పార్సిల్ ఆపేసి వివరణ అడిగారు. తీరా అవి చూస్తే 1960ల పైసలు, పైన ఉర్దూ అక్షరాల పక్కనే బెంగాలీ అక్షరాలు కూడా ఉన్నవి, ఎందుకంటే అప్పటికి ఇంకా బంగ్లాదేశ్ పుట్టలేదు. నాణేన్ని ప్రేమించేవాడికి అది ఒక విడిపోని దేశపు ఫొటో, కస్టమ్స్ కౌంటర్ దగ్గర కూర్చున్నాయనకి అది నిషేధిత వస్తువు. ఆయన తప్పు లేదు, ఆయన చేతిలో ఉన్న కాగితం అలా ఉంది. కానీ ఆ కుర్రాడు పడ్డ టెన్షన్ నేను చూశాను, వాళ్ళ అమ్మగారు పోలీసులొస్తారా అని రోజూ అడిగేవారు. కస్టమ్స్ చట్టం 1962లో 111వ సెక్షన్ కింద నిషేధిత వస్తువు జప్తు చేయొచ్చు, 112 కింద పెనాల్టీ వేయొచ్చు, 125 కింద జుర్మానా కట్టించుకుని వదలడమా మానడమా అన్నది నిషేధిత వస్తువుల విషయంలో అధికారి ఇష్టం. ఇవేవీ మీ వ్యాసంలో లేవు.

ఇంకో సందేహం ఉంది, దీనికి నాకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆరో జార్జి బొమ్మ ఉన్న 1944, 45 నాటి వెండి రూపాయిలు, అర్ధలు, పావలాలు మన డెల్టాలో పాత ఇళ్ళల్లో ఇప్పటికీ దొరుకుతాయి, బామ్మల మూటల్లోంచి, ఇనప్పెట్టెల అడుగునుంచి వస్తాయి. భూతద్దం పెట్టి చూస్తే కొన్నిటి మీద చిన్న ఎల్ అక్షరం కనపడుతుంది. అది లాహోర్ టంకశాల గుర్తు. యుద్ధకాలంలో బొంబాయి, కలకత్తా చాలక 1943లో లాహోర్‌లో కూడా నాణేలు కొట్టడం మొదలుపెట్టారు, దేశం చీలినప్పుడు ఆ టంకశాల అటువైపు పోయింది. మరి అదే రూపాయి ఇవాళ దుబాయ్‌లో ఉన్న ఓ తెలుగాయన దగ్గర కొని తెప్పించుకుంటే అది ఏ దేశంలో తయారైనట్టు? అది పుట్టినప్పుడు పాకిస్థాన్ అనే దేశమే లేదు, దాని మీద ఉన్నది ఇండియా అనే మాట. ఇంగితజ్ఞానం ఉన్న ఏ అధికారైనా అది మన నాణెమే అంటాడనే నా నమ్మకం, కానీ ఒక్కో పార్సిల్ ఒక్కో మనిషి ఇంగితం మీద ఆధారపడటం సరైన పద్ధతి కాదు కదా. ఆ రెండు దేశాల డబ్బు ఎంతగా కలిసిపోయి ఉండేదంటే 1948 జూన్ వరకు పాకిస్థాన్‌కి కేంద్ర బ్యాంకు మన రిజర్వు బ్యాంకే, నాసిక్‌లో అచ్చేసిన మన నోట్ల మీదే పాకిస్థాన్ ప్రభుత్వం అని ముద్రవేసి పంపేవారు. 1948లో వాళ్ళు కొట్టిన మొదటి అణా కూడా మన అణా లాగే అంచు వంపులు తిరిగి ఉంటుంది, రాజు తల బదులు నెలవంక. ఇలాంటివి ఇప్పటికే మన దేశంలో, మన ఆల్బమ్‌లలో ఉన్నవి ఉన్నట్టే ఉంచుకోవచ్చు, నిషేధం దిగుమతి మీదే. అయితే ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేముందు ఆలోచించండి, పాకిస్థాన్ జెండాలు, ఆ బాపతు వస్తువులు అమ్ముతున్న సైట్లకి 2025 మేలోనే కేంద్రం నోటీసులు ఇచ్చింది, అప్పటినుంచి ఆ పేరు కనపడితే సైటు వాళ్ళు నాణేల లిస్టింగ్ కూడా తీసేసినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ ఒకే గదిలో మనవాళ్ళు, పాకిస్థాన్ వాళ్ళు, బంగ్లా వాళ్ళు కలిసి ఉంటారు, మంచి స్నేహాలు కూడా అవుతాయి. మా అబ్బాయి నాణేలు దాస్తాడు అంటే చాలు జేబులో ఉన్న ఐదు రూపాయల బిళ్ళ తీసి ఇచ్చేస్తారు. ఇచ్చింది మనసుతోనే. కానీ కస్టమ్స్ చట్టంలో దిగుమతి అంటే బయటినుంచి దేశంలోకి తేవడం, అంతే, వ్యాపారం కోసమా కొడుకు కోసమా అన్నది ఆ నిర్వచనంలో లేదు. ఒక్క బిళ్ళ కోసం ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపకపోవచ్చు. అయినా రెండు నెలల సెలవు మీద వచ్చే మనిషికి ఆ ప్రశ్న ఎదురుకాకుండా ఉంటేనే మంచిది.

ఇక అమెరికా సంగతి. ఇక్కడ మీ వ్యాసం చేసిన పొరపాటు ఇంకా పెద్దది, ఎందుకంటే క్యూబా, ఉత్తర కొరియా నాణేలు మంచి పెట్టుబడి అని పిల్లలకి సలహా కూడా ఇచ్చారు. మన దేశానికి క్యూబాతో ఏ గొడవా లేదు. అమెరికా పెట్టే ఏకపక్ష ఆంక్షలు మేము పాటించం, ఐక్యరాజ్యసమితి ఆంక్షలే పాటిస్తాం అని 2018లో విదేశాంగ మంత్రిగా సుష్మా స్వరాజ్‌గారు బాహాటంగానే చెప్పారు. కాబట్టి భీమవరంలో కూర్చుని కెనడా డీలర్ దగ్గర చే గెవారా బొమ్మ ఉన్న మూడు పెసోల నాణెం కొంటే మన చట్టం ప్రకారం తప్పు లేదు. కానీ డబ్బు డాలర్లలో కడితే అది అమెరికా బ్యాంకు మీదుగా వెళ్తుంది, క్యూబా అనే మాట కనపడగానే అక్కడ ఆగిపోవచ్చు. అదే నాణేన్ని టొరంటోలో ఉన్న మేనమామ కొని డల్లాస్‌లో ఉన్న మేనల్లుడికి పోస్టు చేస్తే మాత్రం కథ వేరు. 1962లో కెనెడీ పెట్టిన ఆంక్షలు, 1963 నాటి క్యూబా ఆస్తుల నిబంధనలు ఇప్పటికీ ఉన్నాయి. అమెరికా ఖజానా శాఖ కింద ఓఫాక్ అనే ఆఫీసు వాటిని చూస్తుంది. క్యూబాలో తయారైన వస్తువే కాదు, ఎప్పుడైనా క్యూబాలో ఉండి వచ్చిన వస్తువు కూడా లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకోకూడదు, మూడో దేశంలో కొన్నా అంతే. ఇది పౌరులకే కాదు, గ్రీన్ కార్డు వాళ్ళకి, వీసా మీద అక్కడ ఉంటున్న మన పిల్లలకి కూడా వర్తిస్తుంది. అనుమతి ఉన్న పర్యటన మీద వెళ్ళొచ్చినవాళ్ళకి సొంత వాడకం వస్తువుల విషయంలో ఒబామా హయాంలో కొంత సడలింపు ఇచ్చారు, అందులో కొన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారు. వీసా మీద బతుకు నడుస్తున్న పిల్లలు అలాంటి మారే నిబంధనల మధ్య ఓ నాణెం కోసం ఇరుక్కోవడం ఏ తల్లిదండ్రులకి ఇష్టం?

విచిత్రం ఏంటంటే క్యూబా మొట్టమొదటి సొంత నాణేలు 1915లో కొట్టింది అమెరికా ఫిలడెల్ఫియా టంకశాలలోనే. 1953లో క్యూబా స్వాతంత్ర్య యోధుడు హోసే మార్తీ శతజయంతికి తెచ్చిన వెండి పెసో కూడా అక్కడిదే. తన టంకశాలలో పుట్టిన బిళ్ళే హవానా చూసొచ్చిందంటే దాన్ని గుమ్మంలో ఆపుతుంది ఆ చట్టం.

ఉత్తర కొరియా నాణేలైతే మనవైపు నుంచి కూడా దారి మూసినట్టే లెక్క. 2016 నవంబరులో భద్రతామండలి తీర్మానం 2321 ఆ దేశం నుంచి రాగి, నికెల్, వెండి, జింకు కొనకూడదంది, అంతకుముందే మార్చిలో 2270 తీర్మానం బంగారం మీద ఆంక్ష పెట్టింది. మన ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో ఆహారం, మందులు తప్ప మిగతా వాణిజ్యం ఆపేసింది. వాళ్ళు విదేశీ సేకర్తల కోసమే రకరకాల వెండి స్మారక నాణేలు కొట్టి అమ్ముతుంటారు, ఆ డబ్బు నేరుగా ఆ ప్రభుత్వానికి పోతుంది. వాటిని కొనకూడదన్న చట్టంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. కానీ 1959 నాటి అరిగిన అల్యూమినియం చోన్ బిళ్ళ, ఎప్పుడో యూరప్‌లో ఎవరి డ్రాయర్‌లోనో పడి ఉన్నది, నా దగ్గరికి వస్తే ఆ ప్రభుత్వానికి పైసా ముట్టదు. చట్టం ఈ రెండిటికీ తేడా చూపించాలి అన్నదే నా బాధ.

అలా తేడా చూపించడం సాధ్యం కాదని ఎవరైనా అంటే చరిత్ర ఒప్పుకోదు. 1933లో రూజ్‌వెల్ట్ అమెరికన్ల దగ్గర ఉన్న బంగారం అంతా ప్రభుత్వానికి అప్పగించమన్నాడు, అంత గడ్డు మాంద్యంలో ఇచ్చిన ఆ ఉత్తర్వులో కూడా అరుదైన నాణేలు సేకరించేవాళ్ళకి విలువైనవిగా గుర్తింపున్న బంగారు నాణేలు మినహాయింపు అని ఒక వాక్యం రాశారు. 1985లో దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద ఒత్తిడి తేవడానికి రీగన్ ప్రభుత్వం క్రూగర్‌రాండ్ బంగారు నాణెం దిగుమతి ఆపేసింది. మనం 1946లోనే ఆ దేశంతో వాణిజ్యం తెంచుకున్నవాళ్ళం, ఆ నిషేధం ఆలస్యంగా వచ్చిందనే అనుకోవాలి. అయినా దాన్ని రాసిన తీరు చూడండి, నాణెం పేరు పెట్టి రాశారు, తేదీ పెట్టారు, ఆ తేదీకి ముందు దేశంలోకి వచ్చినవి ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కొత్తవి తేకూడదు. 1991లో ఎత్తేశారు. ఆ ఆరేళ్ళూ ఏది నేరమో ఏది కాదో సేకర్తకి తెలుసు.

తేదీ ఎంత ముఖ్యమో మన డెల్టా ఇళ్ళల్లోనే సాక్ష్యం ఉంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్ మీద పడింది, 6న భద్రతామండలి 661 తీర్మానంతో ఇరాక్ సరుకు మొత్తం మీద ఆంక్షలు పెట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు ఎడారిలో బస్సులెక్కి అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో లక్షా డెబ్బైవేల మంది దాకా ఇళ్ళకొచ్చారు. సంపాదించింది అంతా అక్కడే వదిలేసి వచ్చినవాళ్ళ జేబుల్లో కువైట్ పడవ బొమ్మ ఫిల్స్‌తో పాటు ఇరాక్ ఫిల్స్ కూడా ఉండేవి, మూడు ఖర్జూరపు చెట్ల బొమ్మవి. నా ఆల్బమ్‌లో ఉన్న ఆ బిళ్ళ సఖినేటిపల్లి వైపు ఆయన ఇచ్చింది, అంచు దగ్గర నొక్కు ఉంటుంది, విలువేం లేదు, ఎన్ని డబ్బులిచ్చినా ఇవ్వను. కాగితం ప్రకారం చూస్తే ఆ రోజు అది ఆంక్షలున్న దేశపు వస్తువే, 2003 మేలో 1483 తీర్మానం వచ్చేదాకా అలాగే ఉంది, ఆ తర్వాత మామూలు నాణెం అయింది. బిళ్ళ మారలేదు, తేదీ మారింది. అందుకే ప్రతి సేకర్తకీ నేను చెప్పేది, నాణెం పక్కన ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు అనేది రాసి పెట్టుకోండి, బిల్లు ఉంటే నాణెం పెట్టిన హోల్డర్ వెనకే దోపండి, పార్సిల్ మీద స్టాంపులున్న కవరు పారేయకండి. రేపు ఎవరైనా అడిగితే నిషేధానికి ముందే నా దగ్గర ఉంది అని చెప్పడానికి అదే ఆధారం.

మన వస్తువుల విషయంలో కూడా ఒక మాట. రాజమహేంద్రవరం నుంచి ఏలిన రాజరాజ నరేంద్రుడి బంగారు నాణేలు, ఆయనకి ముందు శక్తివర్మవి, వరాహం బొమ్మవి, బర్మా తీరంలో అరకాన్ దగ్గరి చెదూబా దీవిలో దొరికాయి. వెయ్యేళ్ళ కిందట మన గోదావరి ఒడ్డు నాణెం సముద్రం దాటి వెళ్ళింది. ఇవాళ అలాంటిది దాటిస్తే జైలు. వందేళ్ళు నిండిన నాణెం 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే, కేంద్ర ప్రభుత్వం ద్వారా తప్ప ఎగుమతి చేయడానికి లేదు, చేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా శిక్ష. అమెరికా వెళ్తూ అమ్మమ్మగారి విక్టోరియా రూపాయిలు సూట్‌కేసులో పెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు, ఎవరూ చెప్పక పెట్టుకుంటున్నారు. మీరు చెప్పండి.

అలాగే వ్యాసం చివర పాత నాణేలకి లక్షలిస్తారని రాసిన పేరా కూడా సరిచేయండి. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషన్లు, పన్నులు గుంజే మోసగాళ్ళున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.

నేను కోరేది రెండు. మొదటిది మీకు, తప్పు సవరణ అదే జిల్లా పేజీలో, కనపడేటట్టు వేయండి, వీలైతే కస్టమ్స్ అధికారి ఒకరితో మాట్లాడి వేయండి. రెండోది మన ఎంపీలకి, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్‌కి. పాకిస్థాన్ నిషేధంలో నాణేల గురించి ఒక వివరణ ఇప్పించండి. వెండి బంగారం కాని, వాడుకలో తిరిగిన పాత బిళ్ళలు, ఫలానా సంవత్సరానికి ముందు కొట్టినవి, మూడో దేశం నుంచి కొద్ది సంఖ్యలో సొంత సేకరణకి వస్తే ఏం చేయాలో రెండు వాక్యాల్లో రాయమనండి. 1947కి ముందు లాహోర్‌లో కొట్టిన మన రూపాయిల సంగతి అందులో విడిగా చెప్పమనండి. కుదరదు, అన్నీ నిషేధమే అంటే అదైనా స్పష్టంగా చెప్పమనండి, మానేస్తాం. ముందస్తు అనుమతి అడగొచ్చు అని నోటిఫికేషన్‌లో ఉంది కాబట్టి ఓ విద్యార్థి ఆ అనుమతి ఎవరిని, ఏ ఫారంలో అడగాలో కూడా చెప్పాలి. ఆ కుర్రాడు పార్సిల్ వివరణలో పాకిస్థాన్ బిళ్ళలు వదులుకుంటాను, మిగతావి ఇప్పించండి అని రాశాడు, ఇంకా జవాబు రాలేదు.

ఇట్లు,
ఒక నాణేల సేకర్త,
పాలకొల్లు